నాలుగు చీరల బొంత

జనగామ దాటి వరంగల్ వైపు పోతుంటే రఘునాథపల్లి వస్తుంది. ఒక పక్క జాతీయ రహదారి, ఇంకో పక్క కాజీపేట–సికింద్రాబాద్ రైలు పట్టాలు. ఎండాకాలం ఈ దారిన పోయేవాళ్లకు ప్రహరీల మీద, కంచెల మీద, నిలిపి ఉంచిన ట్రాక్టరు ట్రాలీల మీద ఆరేసిన బొంతలు కనిపిస్తాయి. ఒకదాంట్లో నీలం చీరకు అడ్డంగా పసుపు అంచు పడి ఉంటుంది. ఇంకోదాంట్లో ఎర్ర పూల రవిక గుడ్డ ఓ మూలన చదరంగా అతికి ఉంటుంది. ఏ దుకాణంలోనూ దొరకని కూర్పులివి. ఎవరో ఒక ఆడమనిషి ముక్కలు ముందేసుకుని కూర్చుని, పెట్టి చూసి, తీసి మార్చి, మళ్లీ చూసుకుని ఖాయం చేసుకున్న రంగులు.

ఆమెను ఊళ్లో ఎవరూ కళాకారిణి అనరు. ఆమె కూడా అనుకోదు. బియ్యం చెరగడం, పిడకలు చరచడం లాగే బొంత కుట్టడమూ ఇంటిపనుల లెక్కలో కలిసిపోయింది. ఈ చుట్టుపక్కల చేతిపనులకు పేరు లేక కాదు. జనగామ పక్కనే పెంబర్తి ఇత్తడి పని ఉంది. కాస్త దూరంలో చేర్యాల నకాశీ పటాలున్నాయి. వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, పెంబర్తికీ చేర్యాలకూ అంతకు ముందే వచ్చింది. వీటి గురించి పుస్తకాలున్నాయి, అవార్డులున్నాయి, ఎగ్జిబిషన్లలో స్టాళ్లున్నాయి. ప్రతి ఇంట్లో ఉన్న బొంతకు మాత్రం ఏదీ లేదు.

గొంగడి సంగతి చూడండి. గొర్రె బొచ్చు వడికి కురుమలు నేసే గొంగడి తెలంగాణకు ఒక గుర్తు అయింది. వేదికల మీద భుజానికెక్కింది, పాటల్లోకి వచ్చింది, అతిథులకు కప్పే గౌరవం దక్కించుకుంది. దక్కాల్సిందే. కానీ అదే ఇంట్లో, అదే చలికి, పిల్లల మీద కప్పింది బొంత. గొంగడి మగవాడితో పాటు మంద వెంట, పొలం గట్టుకు పోయింది కనుక పదిమంది కళ్లబడింది. బొంత ఆడవాళ్ల చేతిలో పుట్టి నులక మంచం మీదే ఉండిపోయింది. దాని మీద ఇన్నాళ్లూ ఎవరి చూపూ నిలవకపోవడానికి సగం కారణం ఇదే అనిపిస్తుంది.

యాసంగి కోతలు అయిపోయి, వానాకాలం దుక్కులు ఇంకా మొదలుకాని రోజులు బొంతలకు అనువైనవి. చేతికి కొంచెం తీరిక ఉంటుంది, ఎండకు బట్ట బాగా ఆరుతుంది. ఏడాదంతా దండెం మీదా, సందూకలోనూ పోగైన పాతబట్టలు అప్పుడు బయటికొస్తాయి. వాటిని ఉతికి, ఆరబెట్టి, చింపాల్సినవి చింపి, పిన్నులూ గుండీలూ కోసేసి పక్కన పెడతారు. అసలు పని అక్కడ మొదలవుతుంది: ఏది పైకి, ఏది లోపలికి, ఏది అడుక్కి.

ఆరు గజాల చీర అంటే 18 అడుగుల పొడవు, దాదాపు 45 అంగుళాల పన్నా. దాన్ని మూడుగా మడిస్తే ఆరడుగుల పొడవున మూడు పొరలొస్తాయి. రెండు చీరలను అలా మడిచి ఒకదాని మీద ఒకటి పరిస్తే, ఒక మనిషి పడుకునే ఆరు పొరల బొంత. నాలుగు చీరలుంటే రెండేసి పక్కపక్కన వేసి నడిమిలో కలపొచ్చు. అప్పుడు ఏడున్నర అడుగుల వెడల్పు వస్తుంది. తల్లీ ఇద్దరు పిల్లలూ హాయిగా పడుకోవచ్చు. అయితే పొరలన్నిటి అతుకూ ఒకే గీత మీద పడితే అక్కడ గట్టు లేస్తుంది, నడుముకు ఒత్తుకుంటుంది. అందుకని ఒక్కో పొర అతుకును జానెడు అటూ ఇటూ జరుపుతారు. కాగితం, కొలబద్ద లేకుండా ఈ లెక్కంతా చేతుల మీదే నడుస్తుంది.

వాకిలి ఊడ్చి పట్టా పరుస్తారు. దాని మీద అడుగు చీర. నాలుగు మూలలా నాలుగు రాళ్లు. ఆ పైన ఒక్కో పొరా వేస్తూ అరచేత్తో నడిమి నుంచి అంచులకు సాపు చేస్తూ పోతారు. ఎక్కడ చిన్న ముడత మిగిలినా కుట్టు పడ్డాక అది అక్కడే శాశ్వతంగా ఉండిపోతుంది. లోపలి పొరల్లో చిరిగిన లుంగీలు, దోతులు, పాత తువాళ్లు, పనికిరాని అంగీలు, ఏదైనా సర్దుకుంటాయి. కొందరు అడుగున యూరియా సంచి గుడ్డ కూడా వేస్తారు, నేల చెమ్మ పైకి రాకుండా. ఇక పైపొర. అది మాత్రం ఎంచి పెట్టాల్సిందే.

ముందు పెద్ద పెద్ద టాకాలు వేసి పొరలు జరగకుండా పట్టిస్తారు. తర్వాత అంచు లోపలికి మడిచి చుట్టూ కుట్టు. దబ్బనమో పెద్ద సూదో, మందపు నూలు దారమో. ఆరు పొరల్లోంచి సూది పైకి రావాలంటే కింద ఒక చెయ్యి, పైన ఒక చెయ్యి కావాలి. వేలికి గుడ్డ చుట్టుకుని సూది నెడతారు. చెయ్యి తిరిగినవాళ్ల కుట్టు బియ్యపు గింజంత ఉంటుంది, ఆ చివరి నుంచి ఈ చివరి దాకా అదే కొలత. కొందరు పొడవునా బారుగా గీతలు కుట్టుకుంటూ పోతారు. కొందరు అంచు నుంచి మొదలుపెట్టి చదరంలో చదరం, అందులో ఇంకో చదరంగా లోపలికి పోయి, నడిమికి వచ్చి ఆగుతారు. ఈ రెండో పద్ధతిలో కుట్టిన బొంతను వెలుతురుకు అడ్డంగా పట్టి చూస్తే, చీర మీది పూలతో సంబంధం లేని ఇంకో ముగ్గు కనిపిస్తుంది. దారం వేసిన ముగ్గు అది.

పెద్ద బొంతకు ఒకరు చాలరు. అత్తాకోడళ్లో, యారాండ్లో, పక్కింటావిడో ఎదురెదురుగా కూర్చుంటారు. ఇద్దరి కుట్లూ నడిమిలో కలుస్తాయి. ఇద్దరి చేతివాటమూ ఒకటి కాదు కనుక, ఏ సగం ఎవరు కుట్టారో తెలిసినవాళ్లు ఇట్టే చెప్పేస్తారు. సంతకం లేకపోయినా చెయ్యి దాగదు.

ఇప్పుడు పైపొర దగ్గరికి రావాలి. పైన వేసే చీరను రంగు చూసి మాత్రమే ఎంచరు. పోయిన తల్లి చీర ఉంటుంది. దాన్ని కట్టుకోలేరు, పారేయలేరు, పరాయివాళ్లకు ఇవ్వలేరు. అది బొంతలోకి వస్తుంది. పెళ్లినాటి చీర జరీ నల్లబడి, మడతల దగ్గర పిగిలిపోతే దాని కొంగు ఒక్కటే కోసి నడిమిలో వేస్తారు. బిడ్డ మొదటిసారి బడికి వేసుకెళ్లిన గౌను ముక్క ఓ మూలకు పోతుంది. కుట్టిన మనిషి పక్కన కూర్చుని అడిగితే, గిది మా అత్తది, గిది నా చిన్నప్పటి లంగా అంటూ వేలు పెట్టి చూపించుకుంటూ పోతుంది. ఇంటి చరిత్రను ఆమె కాలక్రమంలో చెప్పదు. బట్ట ఎక్కడ పడితే అక్కడి నుంచి చెబుతుంది. రాయడం రాని మనిషి తన బతుకును తనకు నచ్చిన వరుసలో పేర్చుకున్న చోటు ఇది. ఎవరూ ఆర్డరివ్వలేదు, నమూనా ఇవ్వలేదు, ఫలానా రంగే వెయ్యాలని షరతు పెట్టలేదు. ఇంట్లో, పొలంలో ఆమె ఇష్టంతో నడిచినవి ఎన్నున్నాయో గానీ, బొంత మాత్రం పూర్తిగా ఆమె ఇష్టం.

కడుపుతో ఉన్న బిడ్డ పుట్టింటికి వస్తే ముందుగా సిద్ధమయ్యేది చిన్న బొంత. దీనికి కొత్త బట్ట వాడరు. పదిసార్లు, యాభైసార్లు ఉతికి గంజి పోయిన నేత చీరే పసికందు ఒంటికి మెత్తగా ఉంటుంది, చెమట పీలుస్తుంది, ఉతికితే గంటలో ఆరుతుంది. అమ్మమ్మ కట్టిన చీర మీద మనవరాలు కళ్లు తెరుస్తుంది. నూలు బట్ట పాతబడేకొద్దీ మెత్తబడటం అనే చిన్న విషయం మీద ఈ కళ అంతా నిలబడి ఉంది.

ఆ మెత్తదనమే దీనికి ఆయుష్షు లేకుండా కూడా చేసింది. బొంత వాడటానికే పుట్టింది. మంచం మీద, బండిలో, కల్లంలో, మేడారం జాతరకు పోయి చెట్ల కింద దిగిన చోట, ఎక్కడంటే అక్కడ పరిచారు. పైపొర పిగిలితే దాని మీదే ఇంకో చీర వేసి మళ్లీ కుట్టారు. ఆ పాత బొంత కొత్త బొంతకు లోపలి పొర అయింది. అది కూడా అరిగితే ముక్కలుగా కోసి గిన్నెలు దించే మసిగుడ్డ, చివరికి పొయ్యి. కుట్టిన మనిషి పోయాక ఆమె బొంత పది పదిహేనేళ్లు బతికితే గొప్ప. నూరేళ్ల నాటి జనగామ బొంత ఎలా ఉండేదో చూడాలంటే ఎక్కడికి పోవాలి? ఏ మ్యూజియం గోడ మీదా అది వేలాడటం లేదు.

బెంగాల్‌లో ఇదే పని కాంథా. పాత చీరలు, పొరలు, దారపు కుట్టు, అంతా మన బొంతే. కానీ అక్కడి ఆడవాళ్లు దాని మీద పూలు, ఏనుగులు, రథాలు కుట్టారు, అప్పుడప్పుడు పేర్లు కూడా కుట్టారు. కోల్‌కతా గురుసదయ్ మ్యూజియంలో 19వ శతాబ్దపు కాంథా ఒకటుంది. మానదాసుందరి అనే ఆమె తన తండ్రి కోసం స్వహస్తాలతో కుట్టినట్టు దాని మీదే దారంతో రాసుకుంది. ఆ ఒక్క పేరు వల్ల ఆమె మిగిలింది. 1929లో జసీముద్దీన్ రాసిన నక్షీ కాంథార్ మఠ్ కావ్యంలో నాయిక తన కథనంతా కాంథా మీద కుట్టుకుంటుంది. 1939లో కళా చరిత్రకారిణి స్టెల్లా క్రామ్రిష్ కాంథాల మీద వ్యాసం రాశారు. గురుసదయ్ దత్ ఊరూరా తిరిగి సేకరించారు. అలా చూసేవాళ్లు, రాసేవాళ్లు, దాచేవాళ్లు వరసగా దొరికితేనే ఇంటిపని కళగా నలుగురి కంటబడుతుంది. కాంథా కుట్టినందుకు ప్రీతికణా గోస్వామికి 2023లో పద్మశ్రీ ఇచ్చారంటే దాని వెనక అంత నడక ఉంది.

జనగామకు ఇంకా దగ్గరి చుట్టం సముద్రాల అవతల ఉంది. అమెరికాలో అలబామా రాష్ట్రంలో అలబామా నది మూడు వైపులా చుట్టిన జీస్ బెండ్ అనే పల్లె. ఒకప్పటి పత్తి ఎస్టేట్. బానిసలుగా పనిచేసిన నల్లజాతి కుటుంబాలు, బానిసత్వం పోయాక అదే నేల మీద కౌలుదారులుగా పత్తి పండిస్తూ ఉండిపోయాయి. చాలామందికి ఇంటిపేరు కూడా ఆ ఎస్టేట్ యజమానిదే, పెట్‌వే. చలికి చెక్క ఇళ్ల సందుల్లోంచి గాలి దూరుతుంటే ఆ ఇళ్ల ఆడవాళ్లు పాత ప్యాంట్లు, చొక్కాలు, పిండి సంచులు కలిపి బొంతలు కుట్టారు.

1942లో మిస్సూరి పెట్‌వే భర్త చనిపోయాడు. ఆమె అతను పొలంలో వేసుకున్న బట్టలన్నీ తీసి, కూతురు అర్లోంజియాను పక్కన కూర్చోబెట్టుకుని చింపి ముక్కలు చేసి బొంత కుట్టింది. అతన్ని గుర్తుంచుకోవడానికి, ప్రేమగా దాన్ని కప్పుకుని పడుకోవడానికి అని ఆ కూతురు తర్వాత చెప్పింది. ఇలాంటి పనిబట్టల బొంతల్లో మోకాళ్ల దగ్గర వెలిసిన నీలం, జేబు ఊడిన చోట ముదురుగా మిగిలిన గుర్తు అలాగే ఉంటాయి. రఘునాథపల్లి నల్లరేగడి, చెల్క భూముల్లో పత్తి ఏరే ఏ అవ్వకైనా ఈ సంగతి విడమరచి చెప్పక్కర్లేదు.

జీస్ బెండ్ బొంతల్లో ఒక రకాన్ని అక్కడివాళ్లు ఇంటికప్పు అంటారు. చదరం చుట్టూ చదరంగా గుడ్డ పట్టీలు పెరుగుతూ పోతాయి. మన వాకిళ్లలో దారంతో కుట్టే చదరాల వరసే అక్కడ బట్టలో వస్తుంది. ఎవరి నుంచి ఎవరూ నేర్చుకోలేదు. పరిచిన గుడ్డ ముందు కూర్చున్న మనిషి చెయ్యి ఎటు పోతుందో అటే రెండు చోట్లా పోయింది.

1990ల చివర్లో విలియం ఆర్నెట్ అనే సేకరణకర్త ఒక ఫొటో పుస్తకంలో కట్టెల దుంగల మీద ఆరేసి ఉన్న బొంతను చూశాడు. దాన్ని వెతుక్కుంటూ పోయి ఆనీ మే యంగ్ ఇంటి ముందు ఆగాడు. 2002లో ఆ పల్లె బొంతలు హ్యూస్టన్ మ్యూజియంలో, ఆ ఏడాది చివర న్యూయార్క్ విట్నీ మ్యూజియంలో గోడలకెక్కాయి. పెద్ద పెద్ద చిత్రకారుల పక్కన పెట్టి విమర్శకులు వాటిని మెచ్చుకున్నారు. 2006లో అమెరికా తపాలా శాఖ పది బొంతలను స్టాంపులుగా వేసింది. ముసలితనంలో ఆ ఆడవాళ్లు తమ పాత పక్కబట్టల్ని మ్యూజియం దీపాల కింద నిలబడి చూసుకున్నారు.

ఈ దారి అంతకు ముందే కొందరు వేసి పెట్టారు. బానిసగా పుట్టిన హ్యారియట్ పవర్స్ బైబిలు కథలను గుడ్డ బొమ్మలుగా అతికి కుట్టిన బొంతను 1886లో జార్జియా రాష్ట్రంలోని ఏథెన్స్ పత్తి సంతలో పెట్టింది. కష్టకాలం వచ్చి కొన్నేళ్ల తర్వాత ఐదు డాలర్లకు అమ్ముకుంది. ఇప్పుడది స్మిత్సోనియన్ సంపద. చిత్రకారిణి ఫెయిత్ రింగోల్డ్ తన తల్లితో కలిసి 1980లో మొదటి బొంత కుట్టి, ఆ తర్వాత బొమ్మ, కథ, కుట్టు మూడూ కలిపిన బొంతలతో ఒక కొత్త కళారూపమే తయారుచేసింది.

మన దేశంలోనే బీహార్ ముజఫర్‌పూర్ జిల్లా భుసురా పల్లెలో ఇంకో దారి కనిపిస్తుంది. పుట్టిన బిడ్డకు పాతబట్టలతో కుట్టే సుజనీని అక్కడి ఆడవాళ్లు 1988 తర్వాత మాట్లాడే బట్టగా మార్చారు. కట్నం, కోడళ్లను కాల్చేయడం, ఆడశిశువుల హత్య, తాగుబోతు మొగుడు, ఓటు, బడి, అన్నీ దారంతో కుట్టారు. నోటితో అంటే ఇంట్లో గొడవయ్యే మాటలను సూదితో అన్నారు. సుజనీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది, 2025లో నిర్మలా దేవికి పద్మశ్రీ వచ్చింది. ఉత్తర కన్నడ అడవుల్లో ఆఫ్రికా మూలాలున్న సిద్దీ ఆడవాళ్లు కుట్టే కవంద్ బొంతకు నాలుగు మూలలా మడిచిన గుడ్డ పువ్వు ఉండాల్సిందే. అది లేకపోతే బొంతకు బట్టలు లేనట్టే అని వాళ్ల నమ్మకం. అడిగితే మన ఊళ్లలోనూ ఇలాంటి పట్టింపులు బయటపడతాయి. అడిగినవాళ్లే లేరు.

జనగామ నుంచి మహబూబాబాద్ దాకా తండాలు వరసగా ఉంటాయి. అక్కడ బట్ట మీద ఆడవాళ్ల అధికారం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. లంబాడీ ఫేటియా లంగా, కాంచళి రవిక, తలమీది టుక్రీ, మూడింటిలోనూ ముక్క మీద ముక్క అతుకుతారు. ఎరుపు, నలుపు, పసుపు, ముదురు నీలం. అద్దాలు, గవ్వలు, పాత నాణేలు. ఒకప్పుడు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసుకుంటూ దేశమంతా తిరిగిన జాతికి బట్టే ఇల్లు, బట్టే నగ, బట్టే గుర్తు. నీళ్లకుండ కింద పెట్టుకునే చుట్టకుదురు కూడా గవ్వలతో కుట్టిన పనితనమే. పెళ్లికూతురు తన చేత్తో కుట్టుకున్న సంచులు, గుడ్డలు అత్తింటికి తీసుకెళ్లేది. వాటిని చూసి ఆ పిల్ల ఓపిక, ఊహ అంచనా కట్టేవారు.

కర్ణాటక సండూరు లంబాడీ కుట్టుకు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కిలన్, వేలె, మాకి అంటూ పద్నాలుగు రకాల కుట్లకు అక్కడ పేర్లున్నాయి. 2023 జులైలో హంపిలో జీ–20 సమావేశాలప్పుడు 450 మందికి పైగా లంబాడీ మహిళలు తమ కుట్టుపనులను ఒకచోట పేర్చి గిన్నిస్ రికార్డు సాధించారు. తమిళనాడు సిత్తిలింగి లోయలో కుట్టు దాదాపు మరిచిపోయిన తండాలు ముసలివాళ్ల దగ్గర మళ్లీ నేర్చుకుని పోర్గై పేరుతో నిలబడ్డాయి. ఇంత పెద్ద లంబాడీ జనాభా ఉన్న మన జిల్లాల్లో ఆ కుట్టు ఇప్పుడు ఎక్కువగా తీజ్ రోజున, సేవాలాల్ జయంతి నాడు, పెళ్లిళ్లలో మాత్రమే బయటికొస్తోంది. మిషన్ మీద కుట్టి, ప్లాస్టిక్ అద్దాలు అతికించిన రెడీమేడ్ జతలు మార్కెట్లో దొరుకుతున్నాయి. అమ్మమ్మ ఫేటియా పెట్టెలో పడుకుని ఉంది.

తెలుగు బట్టకు బొంతతో ఉన్న పాత బంధం ఒకటి ఇక్కడ చెప్పకుండా ఉండలేం. 1605లో డచ్చివాళ్లు, 1611లో ఆంగ్లేయులు మచిలీపట్నంలో గిడ్డంగులు తెరిచింది మన అద్దకపు బట్ట కోసమే. ఆ పూల బట్టలకు యూరప్ వెర్రెత్తిపోయింది. అక్కడి నేతగాళ్లు నష్టపోతున్నామని మొత్తుకుంటే ఫ్రాన్స్ 1686లో వాటిని నిషేధించింది, ఆ తర్వాత ఇంగ్లండ్ కూడా ఆంక్షలు పెట్టింది. బట్ట ప్రియమైపోవడంతో అక్కడి ఆడవాళ్లు చిన్న ముక్కను కూడా పారేయలేదు. ఉత్తర ఇంగ్లండ్‌లోని లెవెన్స్ హాల్ భవంతిలో 1708 నాటిదని చెప్పే బొంత ఉంది. ఇంగ్లండ్‌లో మిగిలిన అతుకుల బొంతల్లో అతి పాతది ఇదే అంటారు. అందులో కుట్టినవి మన దేశం నుంచి ఓడెక్కిపోయిన అద్దకపు ముక్కలు. అక్కడ మూడు వందల ఏళ్లుగా దాచుకున్నారు.

బట్ట మీద కథ చెప్పే అలవాటు మాత్రం మన దగ్గరా ఉంది. చేర్యాల నకాశీలు ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల బంక, తుమ్మ బంక పట్టించి, ఆరబెట్టి, ఎర్ర నేల మీద బొమ్మలేస్తారు. మూడడుగుల వెడల్పున గజాల కొద్దీ సాగే పటం అది. పద్మశాలీలకు మార్కండేయ పురాణం, గౌడులకు గౌడ పురాణం, ఒక్కో కులానికి ఒక్కో కథ. కథకులు ఆ పటం విప్పి ఊరి నడుమ కథ చెబుతారు. అక్కడ బట్ట మీద ఉన్నది కులం కథ, ఊరి కథ. బొంతలో ఉన్నది ఒక ఇంటి కథ, ఒక ఆడమనిషి చెప్పిన తీరులో. రెండోదాన్ని కూడా మొదటిదానితో సమానంగా చూడాలని అడగడంలో అతి ఏమీ లేదు.

ఇప్పుడు బొంత స్థానంలో వచ్చినది రోడ్డు పక్కన గుట్టలుగా పోసి అమ్మే పానిపట్ దుప్పటి. మింక్ బ్లాంకెట్ అంటారు. మెత్తగా ఉంటుంది, పులి బొమ్మో గులాబీ పువ్వో ఉంటుంది, ధర తక్కువ. అదే పానిపట్‌లో, ప్రపంచం విడిచేసిన పాతబట్టలను దిగుమతి చేసుకుని, చీరి, నూలు తీసి మళ్లీ నేసే దుప్పట్లు కూడా తయారవుతాయి. అంటే అవీ పాతబట్టలే. మన బొంతలో అయితే ఆ పాతబట్ట ఎవరిదో మనకు తెలుసు.

లోపల వేసే గుడ్డ కూడా మారింది. నేత చీరలు కట్టేవాళ్లు తగ్గారు. ఇళ్లలో పోగయ్యేవి పాలిస్టర్ చీరలు. 2017 నుంచి కొన్నేళ్లు ప్రభుత్వం బతుకమ్మ పండక్కి పంచిన సిరిసిల్ల చీరలు కూడా బొంతల్లోకి చేరాయి. పాలిస్టర్ జారుతుంది, పొరలు కదులుతాయి, చెమట పీల్చదు, వేసవిలో ఒంటికి అంటుకుంటుంది. అందుకని తెలివైన చేతులు పాలిస్టర్‌ను లోపలికి తోసి, దొరికిన నూలు గుడ్డను ఒంటి వైపు వేస్తున్నాయి. కొందరు మాత్రం రంగు వెలవదని పాలిస్టర్‌నే పైన వేసి, అడుగున నూలు పెడుతున్నారు. ఎదురుగా ఉన్న సరుకును బట్టి పద్ధతి మార్చుకోవడం ఈ పనికి మొదటి నుంచీ ఉన్న గుణం. ఊరూరా తిరిగి కూలికి బొంతలు కుట్టిపెట్టేవాళ్లూ ఉన్నారు. వాళ్ల చేతిలో కుట్టు చక్కగా ఉంటుంది, కానీ ఏ గుడ్డ ఎక్కడ అన్నది మాత్రం ఇంటావిడే చెప్పాలి.

చదువుకున్న కళాకారులు ఇదే సూదిని ఇంకో వైపు నుంచి పట్టుకున్నారు. 1977లో హైదరాబాద్‌లో పుట్టి బరోడాలో చదువుకుని అక్కడే స్థిరపడిన లావణ్య మణి కలంకారీ రంగులు, గుడ్డ అతుకు, కుట్టు కలిపి పెద్ద పెద్ద బట్టల మీద పనిచేస్తారు. సముద్ర యాత్రలు, వలస పాలన, బట్టల వర్తకం ఆమె విషయాలు. హైదరాబాద్‌లో ఉండే వరుణికా సరాఫ్ స్వతంత్ర భారత చరిత్రలోని ఘటనలను వరుస కుట్టు చిత్రాలుగా చేశారు. వార్తల్లో చూసి మరిచిపోయిన దృశ్యాలు సూది మొన మీద నెమ్మదిగా రూపం కడితే వాటి బరువు వేరుగా ఉంటుంది. బట్టను ఎంచుకోవడమే వీళ్లు చెప్పదలచిన మాటలో భాగం. వాకిట్లో బొంత ముందు కూర్చున్న అవ్వకూ వీళ్లకూ మధ్య దూరం గ్యాలరీలో వేసిన దీపాలంత. చేతిలో పని ఒకటే.

వరంగల్ పక్కన గీసుగొండ, సంగెం మండలాల్లో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు 2017లో శంకుస్థాపన జరిగింది. బట్టలు కుట్టే ఫ్యాక్టరీ ఎక్కడున్నా కత్తిరింపుల్లో గుట్టలకొద్దీ ముక్కలు మిగులుతాయి. ఆ ముక్కలు గంటన్నర దూరంలోని రఘునాథపల్లి, దేవరుప్పుల, పాలకుర్తి మహిళా సంఘాలకు చేరితే బొంతకు కొత్త సరుకు దొరుకుతుంది. అయితే ఒక జాగ్రత్త. ఒకే సైజు, ఒకే రంగుల వరస, వంద పీసులు అని ఆర్డరిచ్చిన రోజున చేతికి కూలి దక్కుతుంది గానీ, రంగు ఎంచుకునే హక్కు పోతుంది. జీస్ బెండ్ చుట్టుపక్కల 1966లో ఫ్రీడం క్విల్టింగ్ బీ అనే సంఘం పెట్టినప్పుడు ఇదే జరిగింది. దుకాణాలు అడిగిన నమూనాలు కుట్టారు, డబ్బు వచ్చింది, ఊరికి ఆసరా అయింది. ప్రపంచం తర్వాత ఆశ్చర్యపోయి చూసినవి మాత్రం ఆ నమూనాలు కాదు. ఎవరి ఇంట్లో వాళ్లు, ఎవరి కోసమో కుట్టుకున్నవి. జనగామలో ఎవరైనా ఈ పనికి పూనుకుంటే కూలి లెక్కతో పాటు ఈ సంగతీ ముందే తేల్చుకోవాలి.

ప్రభుత్వం కోసమో సంస్థ కోసమో ఆగకుండా ఇంట్లోనే మొదలుపెట్టగలిగింది ఒకటుంది. చాలా ఇళ్లలో అటక మీదో, బీరువా అడుగునో ఒక పాత బొంత ఇంకా ఉంటుంది. దాన్ని వాషింగ్ మెషీన్‌లో వెయ్యకూడదు, కుట్లు తెగుతాయి. చల్లటి నీళ్లలో కుంకుడు నురగతో మెల్లగా తడిపి, పిండకుండా, నీడలో బల్లపరుపుగా ఆరబెట్టాలి. ప్లాస్టిక్ కవర్లో కట్టేస్తే చెమ్మ పట్టి మచ్చలొస్తాయి, పాత పంచెలో చుట్టాలి, ఎండిన వేపాకు వెయ్యాలి. మడత ఒకే చోట ఉంటే అక్కడే పిగులుతుంది కనుక రెండు మూడు నెలలకోసారి మడత మార్చాలి. ముందువైపు, వెనకవైపు ఫొటో తీయాలి. కుట్టిన మనిషి ఉంటే పక్కన కూర్చోబెట్టుకుని ఏ ముక్క ఎవరిదో, ఏ ఊరి చీరో, ఏ పెళ్లికి కొన్నదో చెప్పించుకుని రాసుకోవాలి, వీలైతే ఆమె గొంతు ఫోన్‌లో రికార్డు చేసుకోవాలి. వెనకవైపు ఓ మూలన అరచేతి వెడల్పు తెల్ల గుడ్డ ముక్క కుట్టి, దాని మీద దారంతో పేరు, ఊరు, ఏడాది వెయ్యాలి. పేరు చీరలు కట్టినవాళ్లది తర్వాత, ముందు కుట్టినామెది.